నలభై ఒక్క డబ్బాల ఇల్లు

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు. నాకు తెలియని నంబర్లన్నీ ప్లాట్లు అమ్మేవాళ్ళవే కాబట్టి గొంతు కటువుగా పెట్టుకుని "ఎవరండీ" అన్నాను.

"సార్, నేను సున్నం పెద్దమ్మ మనవరాల్ని. నాయనమ్మ పొద్దున పోయింది. తను పోతే కమిటీ వాళ్ళకి చెప్పకపోయినా పర్లేదు, ఇంజనీరుకి మాత్రం చెప్పమంది," అంది అవతలి పిల్ల.

నేను రిటైరై నరసరావుపేటలో ఇంటిపట్టున ఉంటున్నాను. నన్ను ఇంకా ఇంజనీరు అని గుర్తుపెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.  మా ఆవిడ వచ్చి ఎవరు పోయారని అడిగితే, ఏ వరస చెప్పాలో తెలియలేదు.

ఆమె పేరు తెలియక కాదు నేను రాయనిది. ఊళ్ళో ఆమెకు రెండు పేర్లు. ఒకటి కన్నవాళ్ళు పెట్టింది, ఇంకొకటి ఒక నవల పెట్టింది. రెండో పేరుతో పిలిస్తే పలికేది కాదు. మొదటి పేరుతో పిలిచేవాళ్ళు చాలామంది ఆమెకంటే ముందే వెళ్ళిపోయారు. తాపీ పనివాళ్ళు, వాళ్ళను చూసి నేను, సున్నం పెద్దమ్మ అనేవాళ్ళం. అది ఆమెకు సమ్మతమే.

దుర్గి దాటి గురజాల వైపు కొంత దూరం పోయాక మట్టిరోడ్డు పట్టుకుంటే ఆ ఊరు. అక్కడ ఒక మహారచయిత ఇల్లుంది. ఆయన పేరు చెబితే అందరికీ తెలుసు, కాబట్టి చెప్పను. వారసులు ఇంటిని స్మారకభవనం చెయ్యమని ప్రభుత్వానికి రాసిచ్చి, తాళాల గుత్తి ఈమె చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. మరమ్మతులకు ఎస్టిమేటు వెయ్యడానికి నన్ను పంపారు. నేను ఆయన పుస్తకం ఒక్కటీ చదవలేదు. చదువుకునే రోజుల్లో తెలుగు వాచకం నాకు పరీక్ష ముందు రోజు తప్ప గుర్తొచ్చేది కాదు. ఈ సంగతి స్మారక కమిటీ వాళ్ళకు తెలిస్తే పరువు పోతుందని, వాళ్ళు ఏది చెప్పినా తల ఊపుతూ వచ్చాను.

మొదటి రోజు నేను టేపు పట్టుకుని వసారా కొలుస్తుంటే ఆమె అరుగు మీద కూర్చుని చూస్తోంది. బక్క మనిషి. వేళ్ళ చివర్లు సున్నం తిని తెల్లగా, పగుళ్ళు పగుళ్ళుగా ఉన్నాయి.

"ఏందయ్యా, ఏం కొలుస్తన్నావు?"

"ఇల్లమ్మా."

"దీన్ని కొలిచేదేముంది. నలభై ఒక్క డబ్బాల ఇల్లు."

పాత నూనె డబ్బా మూత కోసి, పైన కర్ర అడ్డం బిగించి, అందులో సున్నం కలుపుకునేది ఆమె. ప్రతి ఏడూ ఉగాదికి ముందు ఆ ఇల్లంతా ఒంటిచేత్తో కొట్టేది. పెళ్ళయి ఆ ఊరొచ్చిన మరుసటేడు మొదలుపెట్టి, ఓపిక తగ్గేదాకా అదే పని. అందుకని ప్రపంచంలో ఏ ఇంటినైనా ఆమె డబ్బాల్లోనే చెప్పేది. బడి ఇరవై డబ్బాలు. కరణంగారిల్లు పదహారు. నరసరావుపేటలో మా ఇల్లు ఎంత ఉంటుందని అడిగి, గదులు చెప్పించుకుని, "పద్నాలుగు. మరీ చిన్నదేం కాదులే," అని నన్ను ఓదార్చింది.

ఏ గదిలోకి అడుగుపెట్టినా ముందు వేళ్ళ గణుపులతో గోడను రెండుసార్లు తట్టేది. తలుపు తట్టినట్టే. ఎందుకమ్మా అంటే, "బోలుగా ఉందో, గట్టిగా ఉందో తెలవద్దూ? మనుషులు కూడా అంతే, తట్టి చూడాల," అంది. నన్ను ఎప్పుడు తట్టి చూసిందో నాకు తెలియదు.

తాపీ పనివాళ్ళు పుట్టీ సంగతి ఎత్తితే మాత్రం ఒంటికాలి మీద లేచేది. "పుట్టీ పూస్తే గోడకి ఊపిరాడదురా సన్నాసుల్లారా! మనిషి మొహానికి ప్లాస్టిక్కు సంచి తొడిగినట్టు. ఈ గోడలు గీకారంటే మీకు సున్నంలోకి ఎముక మిగలదు!" పిడుగురాళ్ళ నుంచి వచ్చిన సున్నపురాయిని నీళ్ళలో వేసినప్పుడు కుతకుతా ఉడికే చప్పుడు వింటే ఆమె మొహం విప్పారేది. అది వినకపోతే ఆ ఏడు ఏడే కాదట.

నాకున్న ఒకే ఒక్క గుణం, కొలతలు కలవకపోతే అన్నం సహించదు. ఇంటి బయటి పొడవు అరవై రెండడుగులు. లోపలి గదుల పొడవులూ గోడల మందాలూ కలిపితే యాభై ఎనిమిదికి లోపు. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ నాలుగడుగుల చిల్లర ఎక్కడో పోయింది. కమిటీ కార్యదర్శిని అడిగితే, ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పెద్దమనిషి, "మహాత్ముల గృహాలు కొలతలకు అందవండీ," అన్నాడు. ఆ మాట ఎస్టిమేటులో ఏ పద్దు కింద రాయాలో చెప్పలేదు.

ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను. "అమ్మా, గది గదికీ ఎన్ని డబ్బాలో చెప్పు," అన్నాను. వేళ్ళు మడుస్తూ చెప్పింది. వసారాకి అయిదు, నడిమింటికి ఎనిమిది, వంటింటికి నాలుగు, ఇట్లా. అన్నీ కూడితే ముప్పై ఎనిమిది.

"మూడు తగ్గుతున్నాయి."

నా మొహంలోకి తేరిపార చూసింది. "లెక్క బానే వచ్చే నీకు! ఆ పుస్తకం చదివావా నువ్వు?"

"ఏ పుస్తకం?"

"ఏ పుస్తకమంటన్నావంటే చదవలేదన్నమాట. అయితే రా," అని లేచింది.

నేను ఇన్నాళ్ళూ దాచుకున్న అజ్ఞానం నాకు పనికొచ్చింది ఆ ఒక్కరోజే.

ఆమె వెంట ఆ ఇల్లు తిరిగిన రెండు రోజులు నేను మరిచిపోలేను. కమిటీ వాళ్ళు మేడమీద గదిలో ఒక రాతబల్ల పెట్టి, మహారచయిత ఇక్కడే కూర్చుని రాసేవారని కాగితం అంటించారు. ఆమె ఆ బల్లను చేత్తో తడిమి, "దీని మీద ఊరగాయ జాడీలుండేయి. ఈ నూనె మరక చూడు," అంది. మెట్ల కింద చేతిమందాన ఒక గూడు చూపించింది. ఆయన తల్లికి తెలియకుండా చుట్టలు దాచుకునే చోటట. అప్పటికాయనకు యాభై ఏళ్ళు. పడకింటి గోడలో అరచెయ్యంత కిటికీ. గేటు దగ్గరికి ఎవరొచ్చారో అందులోంచి చూసి, గిట్టనివాళ్ళయితే పెరటి దారిన తోటలోకి పోయేవాడు. "ఈ పంతులు వచ్చినప్పుడల్లా తోటలోకే," అంది. పంతులంటే మన కార్యదర్శి. వాకిట్లో దుర్గి శిల్పులు చెక్కిన విగ్రహం ముందు ఆగి, "అంతా బాగా చేశారు గానీ ముక్కు ఆయనది కాదు," అని దానికి కూడా ఒక చీవాటు పెట్టి ముందుకు నడిచింది.

"మరి ఎక్కడ రాసేవాడమ్మా?"

"మిరపకొట్లో."

వంటింటి వెనక, కిటికీ ఒక్కటే ఉన్న పెద్ద గది. చేలో మిరపకాయలు ఎండాక బస్తాలు కుక్కి అక్కడ వేసేవాళ్ళు. ఆ గదిలోకి పోతే తుమ్ములూ దగ్గులూ పట్టి ఎవరూ రెండు నిమిషాలు నిలబడలేరు. కాబట్టి ఆయన అక్కడే కూర్చునేవాడు. చుట్టాలు రారు, పంతుళ్ళు రారు. కళ్ళు ఎర్రగా చేసుకుని, నీళ్ళు కార్చుకుంటూ బయటికొస్తే, పాపం తన కథకు తనే ఏడ్చాడని ఇంట్లోవాళ్ళు అనుకునేవాళ్ళట. ఆమె ఒక్కతే ఆ గదిలోకి మామూలుగా పోయివచ్చేది. సున్నపు ఘాటుకు అలవాటుపడ్డ ముక్కుకు మిర్చి ఘాటు ఒక లెక్క కాదు.

ఆ కొట్లో పడమటిగోడకు చెక్క అలమర. దాని వెనక పలకను ఆమె అరచేత్తో కింద నొక్కి పక్కకు జరిపింది. లోపల మూడున్నర అడుగుల వెడల్పున చీకటి సందు. నా నాలుగడుగుల చిల్లర అక్కడుంది, మధ్యగోడతో సహా. ఆనందం పట్టలేక అడ్డంగా దూరి టేపు వేశాను.

"రెండు డబ్బాలు," అంది ఆమె బయటినుంచే.

ఆ సందు వెనక ఒక కథ ఉంది. ఆమె కొత్తగా కాపరానికొచ్చిన రోజుల్లో ఊరు రెండు పార్టీలు. ఇంటివాళ్ళ పార్టీ మనిషి ఒకడు కొట్లాటలో తప్పించుకుని ఆ సందులో పదకొండు రోజులు దాక్కున్నాడు. సున్నం కొట్టే నెపాన రోజూ కొట్లోకి పోయి అన్నం ముద్దలు అందించింది ఈమే. పన్నెండో రోజు అవతలి పార్టీ వాళ్ళు ఇల్లు సోదా చేశారు. ఏమీ దొరక్క వెళ్ళిపోతూ, ఒకడు చెప్పు వారు సరిచేసుకోవడానికి మిరపబస్తా మీద కూర్చున్నాడు. బస్తా కదిలి ఘాటు లేచింది.

"గోడ తుమ్మింది," అంది ఆమె. "ఒకటి గాదు, మూడు తుమ్ములు. నేను వసారాలో నిచ్చెన మీదున్నా. నాకు వినపడ్డయ్యి."

లాగి కొట్టారు. కాలు విరిగింది. బతికి, మాచర్లలో సైకిలు షాపు పెట్టుకున్నాడు. నిజంగా జరిగింది ఇంతే. కానీ ఆ ఇంటాయన పదేళ్ళ తర్వాత దాన్ని నవలగా రాశాడు. నవల్లో ఆ మనిషి చచ్చిపోతాడు. తుమ్మి కాదు. సున్నం కొట్టే మనిషి పట్టి ఇస్తుంది. నోటితో చెప్పదట. సున్నపు కుంచెతో ఆ అలమర మీద ఒక్క అడ్డగీత గీసి పక్కకు తప్పుకుంటుందట. 'ఆ ఒక్క గీతలో యుగాల ద్రోహం ఉంది' అని కార్యదర్శి నాకు కళ్ళు మూసుకుని చెప్పాడు. ఆ నవలకు పెద్ద పేరొచ్చింది. ఈమెకు ఊళ్ళో ఆ ద్రోహి పేరు వచ్చింది.

"నేను చెప్పలేదయ్యా అని ఎంతమందికని చెప్పేది? అచ్చులో పడ్డాక నా మాటెవుడింటాడు. ఆ దాక్కున్నోడైనా నిజం చెప్పొచ్చు గదా. వాడూ ఆమే చెప్పిందనటం మొదలుపెట్టాడు. తుమ్మి దొరికినానంటే నామోషీ గదా!"

ఇది చెబుతూ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత చెప్పినదానికి మాత్రం ఇద్దరం నవ్వలేదు. ఆ నవల్లో ఒక భాగం పిల్లలకు పాఠంగా వచ్చింది. మనవరాలు పదో తరగతి. పరీక్షలో ఆమె పాత్ర స్వభావం రాయమని ప్రశ్న ఇచ్చారట. పిల్ల 'స్వార్థపరురాలు, విశ్వాసఘాతకురాలు' అని రాసి అయిదుకు అయిదు మార్కులు తెచ్చుకుంది. ఇంటికొచ్చి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "నాయనమ్మా, నువ్వే చెప్పావంట గదా, అందరూ అంటన్నారు," అని అడిగింది. అప్పటినుంచి పిల్ల నాయనమ్మ కంచంలో అన్నం తినడం మానేసిందట. నాకు ఆ చచ్చిపోయిన మహారచయిత మీద ఒళ్ళు మండింది. పరీక్ష పేపరు తయారుచేసినవాడి మీద ఇంకా మండింది.

కాసేపటికి, నా బుద్ధి పోనిచ్చుకోలేక, "అమ్మా, ఇంకా ఒక డబ్బా తగ్గుతోంది," అన్నాను.

"దానికోసమే నిన్ను పిలిచా," అంది.

తూర్పు గోడ చూపించింది. మిరపకాయలు కోల్డు స్టోరేజీలకు పోవడం మొదలయ్యాక ఆ కొట్టు ఖాళీ అయింది. చల్లగా ఉంటుందని ఆయన చివరి రోజుల్లో మంచం అక్కడ వేయించుకున్నాడు. గొంతులో జబ్బు, మాట పడిపోయింది. మొదట పలక మీద రాసి చూపించేవాడు. పలక పగిలిపోయాక మంచం పక్క గోడ మీద మేకుతో గీకేవాడు. ఎవరేది అడిగినా అక్కడే జవాబు.

"ఇంకో రెండు రోజుల్లో పోతాడనంగా, ఎవురూ లేకుండా చూసి అడిగా. పెద్దయ్యా, నేను చెప్పలేదని మీకు తెలుసా, తెలీదా? తెలిసే అట్టా రాశారా? అని. ఆయన నా మొకం చూసి, మేకు తీసుకుని మెల్లగా గీకాడు. గీకి, వేలుతో రెండుసార్లు తట్టి చూపించాడు. నాకు చదువు రాదని ఆయనకు గుర్తులేదో, గుర్తుండే రాశాడో!"

ఎవరి చేతనైనా చదివించుకుందామనుకునేలోగా చుట్టాలు దిగారు, ఆయన పోయాడు. మైల ఇల్లు పెద్దకర్మ లోపల కడిగి సున్నం కొట్టాలి. కోడలు పక్కన నిలబడి మూలమూలా కొట్టమంది. ఈమె ఆ గోడకు సున్నంలో నీళ్ళు ఎక్కువ కలిపి, పల్చగా ఒకే ఒక్క పూత వేసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ ఆ గోడను ముట్టుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకల్లా, "దానికి చెమ్మమ్మా, సున్నం నిలవదు," అని చెప్పేది. పల్నాడు ఎండల్లో నాపరాతి గోడకు చెమ్మ ఏమిటని ఎవరికీ అనుమానం రాలేదు.

"మరి ముప్పై ఏళ్ళలో ఎవరిచేతా చదివించలేదేమమ్మా?"

"నువ్వే చెప్పావు అని రాసుంటే? ఆయన రాసిన మాటకు తిరుగుందా ఈ దేశంలో? తెలీకపోతే తెలీనట్టే ఉండుద్దిలే అనుకున్నా. ఇప్పుడు నువ్వు గీకించి పుట్టీ పూస్తావంట గదా. ఇంక పోతే పోద్ది. అందుకని."

కమిటీ వాళ్ళను ఎందుకు పిలవలేదని నేను అడగలేదు. వాళ్ళంతా ఆ పుస్తకం చదివినవాళ్ళు.

కిటికీ మూయించాను. ప్లాస్టరింగు ఎగుడుదిగుళ్ళు చూడటానికి మేము ఒక పని చేస్తాం. లైటును గోడకు ఆనించి పక్కనుంచి కొడతాం. గోడ మీద వెంట్రుకంత గాడి ఉన్నా నీడ పడుతుంది. ఫోనులో టార్చి వేసి గోడకు ఆనించి కింద కూర్చున్నాను. పల్చని పూత కింద అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి. వంకర అక్షరాలు, కానీ చదవచ్చు.

"ఉన్నాయమ్మా," అన్నాను.

ఆమె దగ్గరికి రాలేదు. గుమ్మంలో నాకు వీపు పెట్టి నిలబడింది. "పెద్దగా చదవమాకు," అంది.

"'వద్దు' అని ఉంది."

"అది జావ సంగతి. కోడలు తాగమంటే వద్దన్నాడు."

"'ఆదివారం'."

"డాక్టరెప్పుడొస్తాడని తమ్ముడడిగాడు. నాది అయ్యి కాదు. బాగా కింద, మంచం పట్టె పక్కన."

ఇంకా వంగాను. అక్కడ రెండు వరుసలున్నాయి. నేను ముందు మనసులో చదువుకున్నాను. నా సర్వీసులో పెద్ద పెద్ద ఆఫీసర్ల ముందు కొలతలు చదివాను, ఎప్పుడూ నోరెండలేదు.

"చదవవేందయ్యా?"

"'తెలుసు' అని ఉందమ్మా పైన."

ఆమె వీపు కదల్లేదు.

"దాని కింద, 'కథకు కావలసి వచ్చింది' అని ఉంది."

 ఆమె వచ్చి నా పక్కన నేలమీద చతికిలబడి, "తెలుసు అనేది ఎక్కడుందో చూపించు," అంది. ఆమె వేలు పట్టుకుని ఆ గాడి మీద పెట్టాను. పగుళ్ళ వేలితో ఆ అక్షరాలను మొదటినుంచి చివరిదాకా తడిమింది. మళ్ళీ తడిమింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆ కొట్లో మిరపకాయలు లేక ముప్పై ఏళ్ళు దాటింది.

"రెండోది ఎందాక ఉంది?"

చూపించాను. బయటికి పోయింది. నేను దేనికో పోయిందనుకున్నాను. చేతిలో డబ్బా, కుంచె పట్టుకుని వచ్చింది. సున్నం చిక్కగా, మీగడలా ఉంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు? అది ఆయన చివరి రాత. దీనికోసం పెద్దపెద్దవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వస్తారు," అన్నాను. నేను ఆయన పుస్తకం చదవని మాట నిజమే గానీ, ప్రభుత్వ ఆస్తి అంటే నాకు భయం.

"రానీ. వచ్చి చదువుకుంటారు. పైది ఉంచుతున్నాగా," అంది. కింది వరుస మీద కుంచె ఆనించి, ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క అడ్డగీత గీసింది. దాని మీద ఇంకోటి. గాళ్ళు పూడిపోయేదాకా కొట్టింది. తర్వాత కుంచె డబ్బాలో పడేసి, నా వైపు చూసి అంది.

"ఆయన కథకి కావాల్సొచ్చి ఒక మాట కలిపాడు. నా కథకి ఒక మాట అక్కర్లేదు. తీసేశా."

 నేను లేచి డబ్బా పక్కకు జరిపి పెట్టాను, కాలికి తగులుతుందని. ఆ రకంగా ఆ పనిలో నాకూ వాటా ఉంది.

ఆ గోడను గీకకుండా కాపాడటం నా వంతు. ఎస్టిమేటులో గోడల వైశాల్యం నుంచి తలుపులూ కిటికీలూ తీసేసి లెక్క కడతాం. నేను కొట్టు తూర్పు గోడ మొత్తాన్ని ఒక వాకిలిగా రాసి తీసేశాను. పైఆఫీసరు వేలు పెట్టి, "ఏందయ్యా, పదకొండడుగుల వాకిలా? ఏనుగుల్ని కట్టేసేవాళ్ళా ఇందులో?" అని అడిగాడు. "మిరపబండ్లు లోపలికి తోలేవాళ్ళు సార్," అన్నాను. నా సర్వీసులో రాసిన దొంగ కొలత అదొక్కటే. దానివల్ల ప్రభుత్వానికి పుట్టీ మిగిలింది తప్ప నష్టం లేదు.

మరుసటేడు స్మారకభవనం ప్రారంభోత్సవం. అప్పటికి కార్యదర్శి ఆ గోడ మీది రాతలు కనిపెట్టాడు. సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడ్డప్పుడు కనిపించాయట. గోడకు అద్దం బిగించి, 'మహారచయిత చివరి కావ్యం' అని పలక పెట్టించాడు. వేదిక మీద ముప్పావుగంట మాట్లాడాడు. వద్దు, ఆదివారం, తెలుసు. మూడే మాటలు. వద్దు అంటే ఈ లోకసుఖాలు వద్దని. ఆదివారం అంటే శాశ్వతమైన విశ్రాంతి. తెలుసు అంటే సృష్టి రహస్యం సమస్తమూ తెలిసిందని. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ.

ఆమె చివరి వరసలో, నా పక్క కుర్చీలో కూర్చుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. "ఏం చెప్తన్నాడు ఆ పంతులు?" అంది.

"ఆయనకు అన్నీ తెలుసంటున్నాడమ్మా."

"అన్నీ ఏం తెలుసు, ఒక్కటే తెలుసు," అంది.

సభ అయిపోయాక మనవరాలి చెయ్యి పట్టుకుని కొట్లోకి తీసుకుపోయింది. నేను గుమ్మంలో ఉన్నాను. అద్దం ముందు నిలబెట్టి, కిందిది చదవమంది. పిల్ల చదివింది, తెలుసు అని. "నేను చెప్పలేదని ఆయనకు తెలుసు. నేనడిగితే రాశాడు. ఇది కూడా ఆయన చేతిరాతే. నీ పుస్తకంలో దానికి ఎన్ని మార్కులేస్తావో ఏసుకో," అంది.  పిల్ల నాయనమ్మ కొంగు చివర పట్టుకుని నిలబడింది. పదిహేనేళ్ళ పిల్ల, చంటిపిల్ల పట్టుకున్నట్టు. ఆ పూట ఇద్దరూ ఒక కంచంలో తిన్నారని మరుసటివారం ఫోను చేసి మరీ చెప్పింది.

ఆ తర్వాత ఆమెను నేను నాలుగైదుసార్లు చూశానేమో. వెళ్ళినప్పుడల్లా, ఇంట్లో సున్నమే కొట్టిస్తున్నావా, పెయింటు పూయించావా అని అడిగేది. సున్నమే అని అబద్ధం చెప్పేవాణ్ణి. మా గోడలకు పెయింటే. ఆమె నమ్మినట్టు తల ఊపేది.

పెద్దకర్మకు వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, మూడు డబ్బాలు పడుతుంది. మనవరాలే సున్నం కొట్టిందట. వేళ్ళు పొక్కి ఉన్నాయి. ఇప్పుడు మాచర్లలో ల్యాబులో పనిచేస్తోంది. భోజనాలయ్యాక నాతోపాటు మహారచయిత ఇంటిదాకా నడిచింది. తాళాలు ఇప్పుడు ఈ పిల్ల దగ్గరే. కొట్టు తెరిచి, అద్దం ముందు నిలబడి కాసేపు చూసింది. సాయంత్రపు ఎండ గోడ మీద పడుతోంది.

"సార్, ఒకటడగనా? ఆ తెలుసు అన్న మాట కింద గోడ కొంచెం మందంగా, తెల్లగా ఉంటది. మొన్న మా ఇంటికి సున్నం కొడతంటే నాకు తెలిసింది, అది పైన ఇంకో పూత పడ్డ చోటు. అక్కడ ఇంకేమన్నా ఉండేదా?"

తట్టి చూసే గుణం నాయనమ్మదే. ఆ పిల్ల మొహంలోకి చూశాను. ఎవరి కథకు ఏది కావాలో చెప్పడానికి నేను రచయితను కాను. ఆమె కొట్టిన పూత మీద నేను గీకకూడదు.

"చెమ్మ తల్లీ," అన్నాను. "ఆ గోడకు సున్నం నిలవదు."

పిల్ల అద్దం మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

"నాయనమ్మ కూడా అట్నే చెప్పేది," అంది.